పిడకల గోడకు ఇవతల

సెప్టెంబరు 15, 1996. ఆదివారం

ఈ రోజు ఎల్లారెడ్డిలో జరిగినదాన్ని ప్రమాదం అనటం సరికాదు. మనిషికి గానీ, పశువుకు గానీ, గోడకు గానీ దెబ్బ తగలలేదు. పిడకల గోడను ఎవరూ గోడల లెక్కలో వేయరు.

జరిగింది ఇంతే. బావమరిది మైసన్న ఇంటి ముందు కారు ఆపటానికి బ్రేకు తొక్కాను. కారు ఆగింది. అయితే నేను అనుకున్న చోట ఆగలేదు. అత్తగారు పోచవ్వ ఎండాకాలమంతా చరిచి, ఎండబెట్టి, మనిషెత్తున పేర్చి, వానకు తడవకుండా పైన తాటికమ్మలు కప్పుకొన్న పిడకల గోడలోకి ముందు చక్రాల దాకా వెళ్లి ఆగింది. వాడకట్టు వాడకట్టంతా వచ్చి నిలబడింది. అత్తగారు మా వైపు చూడలేదు, పిడకల వైపే చూసింది.

మైసన్న తాటికమ్మ ఒకటి అద్దం మీద నుంచి తీస్తూ, “పొయ్యి కాడిదాంక తోల్కపోతవనుకున్న బావా, ఈడనే ఆపితివి” అన్నాడు. బావమరిది కనుక అనే హక్కు ఉంది.

పక్క సీటులోంచి నా భార్య రుక్మాబాయి మాత్రం చాలా నెమ్మదిగా దిగింది. చీర దులుపుకొంది.

“నేనైతే ఇగ ఈ కార్ల ఎక్క. బస్సుల వస్త.”

అన్నట్టే బస్సులో ఇంటికి, కామారెడ్డికి వచ్చింది. నేను బస్సు వెనుక కారులో ఒంటరిగా వచ్చాను, చేతిబ్రేకు మీద చెయ్యి తీయకుండా.

చక్రాల దగ్గర కీచుమనే శబ్దం వేసవి నుంచే ఉంది. రుక్మాబాయి అప్పుడే అడిగింది. పదేళ్ల కారుకు గొంతు అలాగే ఉంటుందని నేను చెప్పిన మాట వాస్తవం.

సెప్టెంబరు 16

చక్రాలు విప్పి చూశాను. బ్రేకు తొక్కినప్పుడు చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్కును రెండు వైపుల నుంచి పట్టి ఆపవలసినవి ప్యాడ్లు. ఆ ప్యాడ్ల మీద డిస్కును పట్టే గరుకు మందు అన్నది మిగలలేదు, వెనుక రేకే మిగిలింది. ఇనుము ఇనుమును పట్టుకోబోయి గీరింది. డిస్కుల మీద గ్రామఫోను రికార్డు మీద ఉన్నట్టు గాడులు పడ్డాయి.

నిజాంసాగర్ చౌరస్తాలో గ్యారేజీ నడిపే జమీర్, అటుగా పోతూ ఆగి చూశాడు. డిస్కులు లేత్ మీద పట్టించి, లోకల్ ప్యాడ్లు వేసి సాయంత్రానికి బండి ఇస్తానన్నాడు. నేనే చేసుకుంటానని, కారుతో వచ్చిన పుస్తకం నా దగ్గర ఉందని మర్యాదగా చెప్పాను.

“ఆ పుస్తకం రాసినాయిన ఎల్లారెడ్డి రోడ్డు చూసిండా సార్?” అన్నాడు జమీర్.

ఏడవ తరగతితో బడి మానిన నేను ఇంగ్లీషూ పుస్తకాల వల్లనే నేర్చుకున్నాను, టైపూ పుస్తకాల వల్లనే నేర్చుకున్నాను, ఈనాడు కామారెడ్డిలో సగం ఆఫీసుల గుమాస్తాలు నా టైపు ఇన్‌స్టిట్యూట్‌లో వేళ్లు సరిచేసుకున్నవారే. బ్రేకులు అంతకంటే కష్టమైనవి కావు. వాటికి పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అనే బాధ కూడా లేదు.

సెప్టెంబరు 18

జూనియర్ కాలేజీ ఫిజిక్సు లెక్చరరు గారి నుంచి కొలత సాధనం తెచ్చి డిస్కుల మందం కొలిచాను. పుస్తకం ఒప్పుకొనే కనీసపు మందానికి ఇప్పటికే తక్కువగా ఉన్నాయి. లేత్ మీద చెక్కిస్తే ఇంకా పలుచబడతాయి, వేడికి వంకర తిరుగుతాయి. కనుక డిస్కులు మార్చవలసిందే. ఒక వైపు మాత్రం మారిస్తే కారు ఒక పక్కకు లాగుతుంది కనుక రెండు వైపులా మార్చవలసిందే.

ఇదంతా రుక్మాబాయికి బొమ్మ గీసి వివరించాను. ఆమె చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ చివరి దాకా విన్నది.

“ఆగుతదా?” అని అడిగింది.

సెప్టెంబరు 22. ఆదివారం

అత్తగారిని చూడటానికి ప్రతి ఆదివారం ఎల్లారెడ్డి వెళ్లటం మా ఇంటి ఆచారం. ఆచారం తప్పలేదు. రుక్మాబాయి బస్సులో వెళ్లింది, నేను బస్సు వెనుక కారులో వెళ్లాను. బస్సు ఆగిన చోటల్లా ఆగాను. బస్సు వేగం ఈ బ్రేకులకు సరిపోతుంది.

ఒక విషయం అర్థం కాలేదు. ముందు సీట్లు ఖాళీగా ఉన్నా ఆమె అందరికంటే వెనుక సీటులో కూర్చుంటున్నది. ఆ సీటు ఎంత ఎగరేస్తుందో ఎవరికి తెలియదు? లింగంపేట దగ్గర కండక్టరు కిటికీలోంచి తల బయట పెట్టి, “సార్, మీకు గూడ టికెట్ కొట్టాల్నా?” అని అరిచాడు. బస్సంతా నవ్వింది. రుక్మాబాయి నవ్విందో లేదో ఆ మురికి అద్దంలోంచి కనబడలేదు.

సెప్టెంబరు 29

ప్యాడ్ల ఎంపిక.

కంపెనీ మాలు: కారు తయారైనప్పుడు ఉన్నటువంటివి. నమ్మదగినవి. హైదరాబాదు వెళ్లాలి.

లోకల్ మాలు: నిజామాబాదులో దొరుకుతాయి. జమీర్ వాడేవి. గట్టిగా ఉంటాయి, డిస్కును తింటాయి, కీచుమంటాయి.

డూప్లికేటు: కంపెనీ డబ్బాలో లోకల్ మాలు. అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే డబ్బా చాలా బాగుంటుంది.

నిర్ణయం: కంపెనీ మాలు. డబ్బాల మీది అచ్చులో అక్షర దోషాలు ఉన్నవేమో చూసి కొనవలెను. ఈ పరీక్షలో నన్ను మోసం చేయటం కష్టం.

అక్టోబరు 6

మళ్లీ వెనుక సీటే.

అక్టోబరు 17

హైదరాబాదు పుత్లీబౌలిలో తిరిగి తిరిగి కంపెనీ డిస్కులు, కంపెనీ ప్యాడ్లు తెచ్చాను. దుకాణదారు డబ్బా ఇస్తే నేను అక్షరాలు చదువుతూ నిలబడ్డాను. సాబ్ బ్రేకులు కొనటానికి వచ్చారా, పరీక్ష రాయటానికి వచ్చారా అని పక్క దుకాణం వాడిని అడిగాడు. దోషాలు లేవు.

ఈ సాయంత్రమే బిగిద్దామని కూర్చున్నాను. రుక్మాబాయి అడ్డం వచ్చింది.

“మూడొద్దులైతే ఆయుధ పూజ. కొత్త ఇనుము, బొట్టు వెట్టకుండ బండికి ఎక్కిస్తవా?”

పుస్తకంలో దీనికి అభ్యంతరం ఏదీ లేదు. ఒప్పుకున్నాను. ఎక్కనన్న కారు బ్రేకులకు ఆమె పూజ చేస్తాననటం మంచి సూచన అని కూడా అనిపించింది.

అక్టోబరు 20

ఆయుధ పూజ. నేను ఇన్‌స్టిట్యూట్‌లో టైపు మిషన్లకు పూజ చేసి వచ్చేసరికి ఇంట్లో పూజ ముగిసింది. పీట మీద కత్తిపీట, కొడవలి, కుట్టు మిషను కత్తెర, వాటి నడుమ కొత్త డిస్కులు, ప్యాడ్లు ఉన్నాయి. అన్నిటికీ కుంకుమ బొట్లు, బంతిపూలు. పీట ముందు దీపం కొండెక్కి ఉంది.

ప్యాడ్లు డబ్బాలోంచి తీసినప్పటి కంటే ఇప్పుడు నిగనిగలాడుతున్నాయి. అసలైన కంపెనీ మాలు లక్షణం ఇదే.

అక్టోబరు 22

బిగించాను. ఎక్కడా తొందర పడలేదు. కారును ఎత్తి రాళ్లు పెట్టాను. పాత డిస్కులు విప్పాను, అవి తేలిగ్గా రాలేదు, నేనూ తేలిగ్గా వదలలేదు. కొత్త డిస్కులను పెట్రోలు గుడ్డతో తుడవమని పుస్తకం ప్రత్యేకంగా చెప్పింది కనుక కుంకుమ, పసుపు పోయేదాకా తుడిచాను. ప్యాడ్లను తుడవమని పుస్తకం చెప్పలేదు కనుక గుడ్డ తగలనీయలేదు. ప్రతి బోల్టుకూ కాగితం మీద టిక్కు పెట్టాను.

తరువాత సిరిసిల్ల రోడ్డులో పరీక్షించాను.

కారు ఆగుతున్నది. ఆగదని అనను. కాకపోతే ఆగే ముందు ఆలోచిస్తున్నది. పెడలు గట్టిగానే ఉంది, కాలు గట్టిగానే తొక్కుతున్నది, కారు మాత్రం పరిచయస్థుడిని చూసి పలకరించకుండా పోయేవాడిలా ఇంకొంత దూరం పోయి ఆగుతున్నది.

రోడ్డు పక్కన ఎవరో బజ్జీలు వేస్తున్నారు. మంచి వాసన.

అక్టోబరు 23

గొట్టాల్లో గాలి చేరి ఉండాలి. గాలి తీయటానికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల కూర్చొని పెడలు తొక్కుతుంటే ఇంకొకరు చక్రం దగ్గర మర విప్పి బిగించాలి. రుక్మాబాయిని పిలిచాను. ఎక్కనన్న మాట గుర్తు చేసింది. కారు కదలదని, చక్రాలే లేవని చూపించాను.

“చక్రాలు లేకున్నా కారు కారే గదా” అని లోపలికి వెళ్లింది. ఇక రాదనుకున్నాను. రోకలి పట్టుకొని వచ్చింది. తలుపు తెరిచి, బయటే నిలబడి, రోకలితో పెడలును నొక్కింది. నేను కింద నుంచి “తొక్కు” అంటే పైనుంచి “దంచిన” అన్నది. ఎదురింటి వాళ్లు తలుపు దగ్గరికి కుర్చీలు తెచ్చుకున్నారు.

గాలి బుడగ ఒక్కటి కూడా రాలేదు.

అక్టోబరు 27. ఆదివారం

బస్సు వెనుక. తాడ్వాయి దగ్గర బజ్జీల వాసన. లింగంపేట దగ్గర మళ్లీ బజ్జీల వాసన. ఈ రోడ్డున బజ్జీల బండ్లు పెరిగాయి.

లింగంపేటలో బస్సు వెనుకే ఆగి ఉండగా గంపలతో ఇద్దరు ఆడవాళ్లు వెనుక తలుపు తెరుచుకొని కూర్చున్నారు. ఇది కిరాయి బండి కాదని చెప్పాను. ఖాళీగా పోతున్నదాన్ని కిరాయి బండి కాకపోతే ఏమంటారని అడిగారు. ఎల్లారెడ్డిలో దించాను. అనుకున్న చోటుకు కొంత అవతల దించాను.

మైసన్న పాత ఇంటి పక్కనే కట్టిన కొత్త ఇంటికి గృహప్రవేశ ముహూర్తం పెట్టించాడు. నవంబరు 21. ఇంటి ఆడబిడ్డ రుక్మాబాయే కనుక పాలు పొంగించవలసింది ఆమె.

“చూడు బావా” అన్నాడు మైసన్న, ఈసారి నవ్వకుండా. “ఆ నాడు మీ ఇద్దరు ఒక్క బండి దిగి, ఒక్కటే గడప దాటాలె. అక్క బస్సుల, నువ్వు బస్సెనుక వస్తే కొత్తింటికి ఏం బాగుంటది? చుట్టాలంత చూస్తరు. కారైతే కారు, బస్సైతే బస్సు.”

ఈ నెల రోజుల్లో బంధువులలో ఏమి అనుకుంటున్నారో నాకు తెలుసు. మాకు పడటం లేదట. ఆమె అలిగి పుట్టింటికి పోతుంటే నేను బతిమాలుతూ వెనుక పోతున్నానట. ప్రతి వారం. ఎల్లారెడ్డి దాకా.

బస్సైతే బస్సు అన్నాడు. నా చేతులతో బిగించిన బ్రేకులను ఇంటి ముందు వదిలి పెద్దమనుషుల ముందు బస్సు దిగితే ఇక ఆ కారును అమ్మటం మేలు. పైగా రుక్మాబాయి అవి ఆగవని నిశ్చయించుకుంటుంది. ఆమె ఒకసారి నిశ్చయించుకుంటే ఇక దిద్దుబాటు ఉండదు.

నవంబరు 3

ముందు చక్రాల దగ్గర చీమలు. చీమల మందు చల్లాను.

నవంబరు 4

చీమలు.

నవంబరు 12

బ్రేకు సరిగా పట్టకపోవటానికి పుస్తకం చెప్పిన కారణాలన్నీ రాసుకొని ఒక్కొక్కటే కొట్టివేశాను. గాలి లేదు. కారటం లేదు. గొట్టాలు పగల్లేదు. పిస్టను బిగుసుకోలేదు. చివరికి ఒక్కటే మిగిలింది: “ప్యాడ్లకు నూనె లేదా గ్రీజు అంటటం.” అది మన విషయంలో అసంభవం. నేను గ్రీజు డబ్బాను ప్యాడ్లు ఉన్న గదిలోకే తీసుకురాలేదు. కొట్టివేశాను.

జమీర్‌ను పిలిచాను. పిలవటంలో తప్పు లేదు, రెండో అభిప్రాయం శాస్త్రీయమే. అతడు ఒక రౌండు తిప్పి తెచ్చి, డిస్కు కొత్తది, ప్యాడు కొత్తది, ఒకదానికి ఒకటి ఇంకా అలవాటు పడలేదని, కొత్త పెళ్లికొడుకు పెళ్లికూతుళ్లకు కూడా నెల పడుతుందని చెప్పాడు. దిగేటప్పుడు మాత్రం, “సార్, బండి తోల్తుంటే ఎందుకో ఆకలైతుంది” అన్నాడు.

నాకు కూడా అవుతున్నది. అది వయసు అనుకున్నాను.

నవంబరు 17. ఆదివారం

ఈ రోజు రుక్మాబాయి ఎల్లారెడ్డి రాలేదు. గురువారం ఎలాగూ పోవాలి కదా అని ఇంట్లో ఉండిపోయింది. వెనుక సీటు ఖాళీగా ఉన్న బస్సు వెనుక పోవటం ఎందుకో మరింత దూరం అనిపించింది.

తిరిగి వచ్చి కారు ఇంటి ముందు (ఇంటికి కొంచెం అవతల) ఆపి, దారంతా బజ్జీల వాసనేనని, ఈసారి ఆమె కోసం కొందామని తాడ్వాయిలో దిగి వెతికితే బండి ఎక్కడా కనబడలేదని, ఒకాయనను అడిగితే ఇక్కడ ఎప్పుడూ బజ్జీల బండి లేదన్నాడని చెప్పాను. నవ్వుతుందనుకొని చెప్పాను.

ఆమె నవ్వలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. సెప్టెంబరు తరువాత మొదటిసారి కారుకు అంత దగ్గరగా వచ్చింది. ముందు చక్రం ఇంకా వేడిగా ఉంది. వంగి వాసన చూసింది. రెండో వైపు పోయి అక్కడా చూసింది.

“పల్లినూనె” అన్నది. లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది.

నవంబరు 18

పొద్దున ఛాయ్ ఇస్తూ తానే చెప్పింది. పూజ నాడు దీపంలో పోయగా మిగిలిన నూనె అంతా వాటికే పెట్టిందట.

డిస్కులకా, ప్యాడ్లకా అని అడిగాను.

“ఇనుపయాటికి కొంచెమే. ఆ నల్లయాటికే ఎక్వ పెట్టిన. ముట్టుకుంటే గరుకు గరుకుగ, ఎండిపోయినట్టుండె. పసిపోరల మాడకు అద్దినట్టు అద్దిన. ఎంత వెడితే గంత తాగినయి.”

పుస్తకంలో నూనె ఉంది, నేనే కొట్టివేశాను; అది పూజ వల్ల అంటుతుందని మాత్రం ఏ పేజీలోనూ లేదు. నేను నిగనిగ చూసి మెచ్చుకున్నది ఆ నూనెనే. ఏదో గట్టిగా అనాలని నోరు తెరిచాను. నిజానికి అనవలసినవి వరుసగా తయారయ్యాయి కూడా. ఆ పూజ ఎందుకు చేసినట్టు, ఎక్కనని ఒట్టు పెట్టుకున్న కారుకు, అని మాత్రం అడిగాను.

“నేనెక్కకపోతే ఏమాయె, నువ్వెక్కుతున్నవు గద” అన్నది. “బస్సు ఆగినప్పుడల్ల ఎనుక అద్దంలకెల్లి చూసుకుంట కూసుంటున్న. ఆగుతవో, అచ్చి బస్సుకే తాకుతవో అని. పానం గుంజుకపోతది.”

వెనుక సీటు.

ఆ ఎగరేసే సీటులో అన్ని ఆదివారాలు.

ఛాయ్ చల్లారింది. తాగాను.

నవంబరు 19

నూనె తాగిన ప్యాడ్లను కడిగి లాభం లేదు, పారవేయమని పుస్తకం. హైదరాబాదు పోయి వచ్చే వ్యవధి లేదు. జమీర్ నిజామాబాదు నుంచి లోకల్ మాలు తెప్పించాడు. అవి గట్టిగా ఉంటాయని, కీచుమంటాయని నేనే రాసుకున్నాను. తీసుకున్నాను. డిస్కులను సబ్బుతో, పెట్రోలుతో, మళ్లీ సబ్బుతో కడిగి బిగించాను.

పాత ప్యాడ్లకు ఏమైందని జమీర్ అడిగాడు. పుత్లీబౌలి మాలు నమ్మటానికి లేదని చెప్పాను. ఆ దుకాణదారుకు మనసులో క్షమాపణ చెప్పుకున్నాను. వంటింటి కిటికీలోంచి రుక్మాబాయి విన్నది. రాత్రి అన్నంలో నెయ్యి రెండుసార్లు పోసింది.

ఒక్కటి మిగిలింది. కొత్త ప్యాడ్లు డిస్కుకు కుదురుకోవాలంటే మధ్య మధ్య మెల్లగా తొక్కి, ఆపి, మళ్లీ చల్లారనిచ్చి, మళ్లీ ఆపాలి, అలా చాలా సార్లు చేయాలని పుస్తకం. ఎక్కడ, ఎప్పుడు చేయను? తెల్లవారితే ప్రయాణపు సర్దుడు, ఎల్లుండి ముహూర్తం. ఆమె ఎక్కుతానని ఇంకా అనలేదు.

నవంబరు 20

రోజంతా సర్దుడు. బస్సు టికెట్లకు చిల్లర లెక్కపెట్టి పెట్టుకున్నాను.

నవంబరు 21

తెల్లవారుజామున నేను బస్సు టికెట్లకు చిల్లర జేబులో వేసుకొని బయటికి వచ్చాను. మైసన్న చెప్పినట్టు బస్సైతే బస్సు. కారు వైపు చూడకుండా గేటు దాకా నడిచాను.

నా వెనుక, కారు తలుపు చప్పుడైంది.

రుక్మాబాయి ముందు సీటులో కూర్చొని ఉంది. ఒళ్లో పాలు పొంగించే కొత్త గిన్నె, గిన్నెలో దీపానికి నూనె సీసా ఉన్నాయి. “బస్సుల పోతే ఈ సీసా ఒలుకుతది” అన్నది, ఎదురుగా చూస్తూ.

ఊరు దాటగానే, “ఆపు” అన్నది.

మెల్లగా తొక్కాను. ఆగింది. కొంచెం కీచుమంది కూడా. ఏమైందని అడిగాను.

“ఏం గాలె. ఆగుతదా లేదా అని.”

కొంచెం దూరం పోయాక మళ్లీ “ఆపు” అన్నది. తాడ్వాయి చేరేలోగా ఎన్నిసార్లు అన్నదో లెక్క పెట్టటం మానేశాను. వేప చెట్టు కనబడితే ఆపు, కల్వర్టు కనబడితే ఆపు. మేము ఆగిన ఒకచోట ఎల్లారెడ్డి బస్సు మమ్మల్ని దాటుతూ నెమ్మదించింది. పాత కండక్టరే. కిటికీలోంచి మా ఇద్దరినీ చూసి, ఈసారి ఏమీ అరవకుండా, చెయ్యెత్తి మొక్కాడు.

ప్యాడ్లు కుదురుకోవటానికి పుస్తకం చెప్పిన పని సరిగ్గా ఇదే. మధ్య మధ్య, మెల్లగా, చల్లారనిస్తూ, చాలా సార్లు. ఇంత శ్రద్ధగా నేనొక్కడినే అయితే చేసేవాణ్ని కాదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే మానేస్తుంది.

లింగంపేట దాటాక “ఆపు” లు పలుచబడ్డాయి. పెడలు కాలికి కొత్తగా తగులుతున్నది. తొక్కినంతే ఆగుతున్నది. ఆకలి కూడా వేయలేదు.

ఎల్లారెడ్డిలో మైసన్న వాడకట్టు మలుపు తిరిగేసరికి చుట్టాలంతా వాకిట్లో ఉన్నారు. పిడకల గోడ మళ్లీ మనిషెత్తున లేచింది. దాని ముందు అత్తగారు రెండు చేతులూ చాచి నిలబడింది. నన్ను ఆహ్వానించటానికి కాదని దూరం నుంచే తెలిసింది. మైసన్న ఆమెను భుజం పట్టి పక్కకు లాగుతున్నాడు.

బ్రేకు తొక్కాను. గోడకు ఇవతల, మనిషి పక్కగా నడిచి పోయేంత జాగా వదిలి, కారు ఆగింది. అత్తగారు చేతులు దించింది.

గోడ దగ్గర రుక్మాబాయి “ఆపు” అంటుందని మలుపు నుంచే ఎదురుచూశాను. అనలేదు. పక్కకు చూస్తే, ఆమె తల వంచుకొని సీసా మూత బిగిస్తున్నది. గోడ రావటం గానీ, కారు ఆగటం గానీ చూడలేదు.

“అచ్చినమా?” అని అడిగింది.